నా వేలిముద్ర పడుతోంది, మా పాపది పడట్లేదు, ఎందుకని?

నీలిసిరా:

అందరికీ నమస్తే. మా పాపకి తొమ్మిదేళ్లు. కనిపించని వేలిముద్రల్ని పైకి తేవడం ఎలాగో ఎక్కడో చూసి, ఇంట్లో చేద్దామని నా వెంట పడింది. మొదలుపెట్టింది తను, ఇప్పుడు నిద్ర మానుకుని చేస్తున్నది నేను.

పెన్సిల్ ముల్లుని గరుకు కాగితం మీద అరగదీసి నల్ల పొడి చేసుకున్నాం. గాజు గ్లాసుని బాగా తుడిచి, దాని మీద ఇద్దరం చెరో బొటనవేలు నొక్కి, వాటర్ కలర్ బ్రష్‌తో పొడి పూశాం. నాది బ్రహ్మాండంగా వచ్చింది, గీతలు లెక్కపెట్టుకోవచ్చు. పాపది మాత్రం బూడిద రంగు మరక, అంతే. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ ఇదే కథ. "నాకు వేలిముద్రలు లేవా అమ్మా" అని మొహం చిన్నబుచ్చుకుంది.

తర్వాత సూపర్ గ్లూ పద్ధతి. మూత గట్టిగా పట్టే పెద్ద గాజు సీసాలో ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా మూత నిలబెట్టి, పక్కన ఫాయిల్ ముక్క మీద గ్లూ పోసి (సగం ట్యూబ్ పోశాననుకుంటా), సీసా మూసేసి రాత్రంతా అలాగే వదిలేశా. పొద్దున్న చూస్తే ఆ నల్ల మూత మొత్తం ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. ముద్ర ఎక్కడో అడుగున ఉన్నట్టే ఉంది గానీ ఒక్క గీత కూడా తెలియట్లేదు. కాగితం మీద పొడి ప్రయత్నిస్తే కాగితమంతా నల్లబడింది, అది అసలు లెక్కలోకే రాదు.

నేను చేస్తున్న తప్పేంటి? పాప ముద్ర ఎందుకు రావట్లేదు? కాగితానికి వేరే పద్ధతి ఏమన్నా ఉందా? కెమిస్ట్రీ నాకు ఇంటర్‌తోనే సరి, కాస్త అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

---

సగంచదువు:

పొడి ఎక్కువైంది, బ్రష్ గట్టిది. వాటర్ కలర్ బ్రష్ వెంట్రుకలు పొట్టిగా, బిరుసుగా ఉంటాయి, ముద్రని తుడిచేస్తాయి. మొహానికి పౌడర్ రాసుకునే మెత్తటి మేకప్ బ్రష్ కొత్తది ఒకటి తీసుకోండి. వాడినది వద్దు, దానికి జిడ్డు ఉంటుంది. బ్రష్ చివర్లు మాత్రమే పొడికి తాకించి, వేలితో ఒకసారి తట్టి, మిగిలిన దాన్ని గాజు మీద ఆనీ ఆననట్టు తిప్పండి. గీతలు కనపడగానే ఆపేయాలి. ఇంకాస్త బాగా వస్తుందేమో అని మరో రెండుసార్లు తిప్పుతాం చూడండి, అక్కడే పోతుంది.

అసలు పొడి కంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి, రెండూ ఉచితం. గది చీకటి చేసి ఫోన్ టార్చ్‌ని గాజుకి పక్కనుంచి, బాగా వాల్చి వేయండి. చాలా ముద్రలు అలాగే కనిపిస్తాయి. రెండోది, గాజు మీద నోటితో ఆవిరి ఊదండి. ఆవిరి ముద్ర ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా పడుతుంది కాబట్టి రెండు మూడు సెకన్ల పాటు గీతలు తేలి మాయమైపోతాయి. మా ఇంట్లో పిల్లలకి ఇదే ఎక్కువ నచ్చింది, పొడి గోల లేదు.

---

పాతకళ్లద్దాలు:

చాలా ఏళ్లు వేలిముద్రలు పైకి తెచ్చే ల్యాబ్‌లో పనిచేశాను, ఇప్పుడు రిటైర్ అయ్యాను. పాప ప్రశ్న చాలా మంచి ప్రశ్న అమ్మా, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు పాపకి చెప్పండి, తనకి వేలిముద్రలు ఉన్నాయి. తల్లి కడుపులో మూడో నెల నుంచి ఆ గీతలు ఏర్పడటం మొదలై ఆరో నెలకల్లా పూర్తయిపోతాయి, ఆ తర్వాత జీవితాంతం అవే. గీతలకి ఏ లోటూ లేదు, గ్లాసు మీద అంటిన సరుకే తక్కువ.

వేలిముద్ర అంటే సిరా ముద్ర లాగా ఒకే పదార్థం అనుకుంటాం. కాదు. అరచేతుల్లో, వేళ్ల లోపలి వైపు ఉండేవి చెమట గ్రంథులు మాత్రమే. ఆ చెమటలో 98 శాతం పైగా నీళ్లే, మిగతాది ఉప్పు, అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లం లాంటివి. జిడ్డు గ్రంథులు వేళ్ల మీద ఉండవు. మరి ముద్రలో జిడ్డు ఎక్కడిదంటే మనం రోజంతా తెలియకుండానే ముక్కు, నుదురు, జుట్టు తాకుతుంటాం, అక్కడిది వేళ్లకి అంటుతుంది. మీ పెన్సిల్ పొడి అతుక్కునేది ఆ జిడ్డుకీ, ఇంకా ఆరిపోని చెమటకీ.

ఇప్పుడు పాప విషయం. యుక్తవయసు వచ్చేదాకా పిల్లల చర్మంలో జిడ్డు గ్రంథులు పెద్దగా పనిచేయవు. పైగా వాళ్ల ముద్రలో ఉండే కొవ్వు ఆమ్లాలు తేలికరకం, త్వరగా ఆవిరైపోతాయి. పెద్దవాళ్ల జిడ్డులో ఎక్కువగా ఉండేవి బరువైన ఎస్టర్లు (కొవ్వు ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడేవి), అవి రోజుల తరబడి ఉంటాయి. 1990లలో అమెరికాలో పిల్లల అపహరణ కేసుల్లో, పిల్ల కారులో ఉందని తెలిసి కూడా ముద్రలు దొరకకపోవడం ఒక పోలీసు నిపుణుడికి అంతుపట్టలేదు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లు పరిశీలించి, కారణం ఇదేనని తేల్చారు. మీ పాపకి వచ్చిన సందేహమే వాళ్లకీ వచ్చింది.

ఇంకోటి, పెద్దవాళ్ల గీతకీ గీతకీ మధ్య దూరం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. పిల్లలకి ఇంకా దగ్గరదగ్గరగా ఉంటాయి. పొడి ఏమాత్రం ఎక్కువైనా ఆ సందులు పూడుకుపోయి మీరన్న బూడిద మరకే మిగులుతుంది. ప్రయోగానికి ముందు శుభ్రంగా ఉండాలని పాప చేత సబ్బుతో చేతులు కడిగించి ఉంటారు కూడా, అవునా? ఉన్న కాస్త సరుకూ అలా పోయింది.

ఇలా చేయండి. చేతులు కడిగాక పావుగంట మామూలుగా ఆడుకోనివ్వండి. తర్వాత చూపుడువేలితో ముక్కు పక్కన ఒకసారి రుద్దుకుని, గ్లాసు మీద తేలిగ్గా ఆనించి తిన్నగా పైకి తీయమనండి. గట్టిగా నొక్కితే గీతలు చదునై కలిసిపోతాయి. పక్కనే ముక్కు తాకని వేలి ముద్ర కూడా వేయించండి. తేడా తనే చెప్తుంది.

సూపర్ గ్లూ గురించి. అందులో ఉండేది సైనోయాక్రిలేట్. దాని ఆవిరి ముద్రలోని తేమ, లాక్టేట్ లాంటి లవణాలు తగలగానే అణువుకి అణువు గొలుసులా కలిసి గట్టి తెల్లటి ప్లాస్టిక్ అవుతుంది. ముందు ముద్ర గీతల మీదే పేరుకుంటుంది. కానీ ఆవిరి ఇంకా వస్తూనే ఉంటే ఎంతసేపని గీతల మీదే ఆగుతుంది? మిగతా చోట్ల కూడా పేరుకోవడం మొదలవుతుంది. మీరు సగం ట్యూబ్ పోసి రాత్రంతా ఉంచారు కాబట్టి గీతలు, సందులు అన్నీ ఒకటైపోయాయి. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ చేసే మొదటి తప్పు ఇదే, నేనూ చేశాను. దానికి విరుగుడు లేదు, ఇంకో మూత తీసుకోండి.

ఐదారు చుక్కలు చాలు. సీసాలో ఒక చిన్న గిన్నెలో వేడినీళ్లు పెట్టండి, లోపల తేమ 80 శాతం దగ్గర ఉంటే ముద్ర బాగా కడుతుంది. పొడి గాలిలో ఇదే ప్రయోగం అసలు రాకపోవచ్చు. నల్ల ప్లాస్టిక్ ముక్క ఇంకోటి తీసుకుని, దాని మీద మీ వేలు కావాలనే నొక్కి, బయటినుంచి కనిపించేలా గాజుకి దగ్గరగా నిలబెట్టండి. మేం కూడా ప్రతిసారీ ఇలా ఒక పరీక్ష ముద్ర పెట్టేవాళ్లం. పది నిమిషాలకోసారి దాన్ని చూస్తూ ఉండండి, అందులో గీతలు తెల్లగా తేలగానే ఆపేయాలి. గది వేడిని బట్టి అరగంట పట్టొచ్చు, రెండు మూడు గంటలు కూడా పట్టొచ్చు. కాబట్టి గడియారం కాదు, ఆ ముక్కని చూడండి.

సీసా మూత మాత్రం ఆరుబయట తీయండి, మొహం దూరంగా పెట్టి. ఆ ఆవిరి కళ్లకీ ముక్కుకీ మంట. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే ఆ రోజు తీసేయండి. పాప చూడొచ్చు, గ్లూ ముట్టుకోకూడదు.

ఈ పద్ధతి కూడా ఎవరో పనిగట్టుకుని కనిపెట్టింది కాదు. 1970ల చివర్లో జపాన్ పోలీసు ల్యాబ్‌లో ఒకాయన మైక్రోస్కోప్ గాజు పలకలకి వెంట్రుకలు సూపర్ గ్లూతో అంటిస్తూ, తన వేలిముద్రలే పలక మీద తెల్లగా తేలుతుంటే గమనించాడు.

---

గడ్డిపోచ:

ఇంత ఓపిక ఎవరికండీ. స్టవ్ మీద పాత గరిటెలో గ్లూ వేడి చేసి పైన వస్తువు పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. లేదంటే దూది మీద గ్లూ పోయండి, దానంతటదే వేడెక్కి పొగ వస్తుంది, నేను వీడియోలో చూశా.

---

పాతకళ్లద్దాలు:

దయచేసి ఈ రెండూ ఎవరూ చేయకండి. సైనోయాక్రిలేట్ బాగా వేడెక్కి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే విడిపోయి విషవాయువులు వస్తాయి, అందులో హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. స్టవ్ మీద గరిటె ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు, చేరిందని మీకు తెలిసే దారీ లేదు. ల్యాబ్‌లో వేడి చేస్తాం నిజమే, కానీ ఉష్ణోగ్రత అదుపులో ఉండే పెట్టెలో, పొగని ఫిల్టర్ గుండా బయటికి లాగే ఏర్పాటుతో. ఇంట్లో అయితే వేడినీళ్ల గిన్నె ఇచ్చే వెచ్చదనమే చాలు.

---

సగంచదువు:

దూది సంగతి నేను చెప్తా, నా తొడ మీద ఇంకా మచ్చ ఉంది. చెప్పు అతికిద్దామని ఒళ్లో పెట్టుకుని గ్లూ ట్యూబ్ కొన కత్తిరించా. కాటన్ ప్యాంట్ మీద ఒక బొట్టు కాదు, ధారే పడింది. తడి తగిలిందనుకునేలోపే సుర్రుమంది, బట్ట మీంచి పొగ. లాగబోతే చర్మానికి అతుక్కుపోయింది. నూలుతో ఈ గ్లూ అంత వేగంగా గట్టిపడుతుందని, ఆ వేడికే చర్మం కాలుతుందని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. కాటన్ గ్లవ్స్ వేసుకుని ఈ ప్రయోగం అసలు చేయకండి, గ్లవ్స్ ఉంటే జాగ్రత్త అనుకుంటాం కదా, ఇక్కడ అదే ప్రమాదం. నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లవ్స్ అయితే పర్లేదు.

---

సుద్దముక్క:

కెమిస్ట్రీ టీచర్‌ని. కాగితం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

గాజు మీద ముద్ర పైనే కూర్చుంటుంది, కాగితం దాన్ని లోపలికి పీల్చేస్తుంది. అందుకే పొడి పనిచేయదు, అంటుకోవడానికి పైన ఏమీ మిగలదు. కాగితం లోపలికి పోయిన దాంతో రంగు చర్య జరిపే రసాయనం కావాలి.

అన్నిటికంటే పాతది అయోడిన్. 1863లోనే ఫ్రాన్స్‌లో కూలియే అనే రసాయన శాస్త్రవేత్త కాగితం మీద ముద్రల్ని అయోడిన్ ఆవిరితో చూపించాడు. అయోడిన్ స్ఫటికాలు గది వేడికే ఊదా ఆవిరి ఇస్తాయి, ఆ ఆవిరి ముద్రలోని జిడ్డులోకి చేరి గీతలు గోధుమ రంగులో తేలతాయి. రసాయన బంధం పెద్దగా ఏమీ లేదు, చేరినట్టే వెళ్లిపోతుంది కూడా. కాసేపట్లో ముద్ర మళ్లీ మాయం. మా పిల్లలకి చూపించినప్పుడు ఫోటో తీసేలోపే సగం పోయింది. నిలబెట్టాలంటే పలచటి గంజినీళ్లు సన్నగా స్ప్రే చేస్తే నీలంగా మారి కాస్త నిలుస్తుంది. అయితే ఒక చిక్కుంది. చాలా రకాల ప్రింటింగ్ కాగితాల్లో తయారీలోనే గంజి కలుపుతారు, అలాంటి కాగితం అయోడిన్ తగలగానే తనే నీలం తిరిగిపోతుంది, ముద్ర అందులో కలిసిపోతుంది. రెండు మూడు రకాల కాగితాలు ముందు పరీక్షించుకోవాలి.

ఇది ఇంట్లో వద్దు. అయోడిన్ ఆవిరి ఊపిరితిత్తులకి, కళ్లకి మంచిది కాదు. స్కూల్ ల్యాబ్‌లో, పొగని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో, టీచర్ చేతుల్లో నాలుగు స్ఫటికాలతో అయితే సరే. గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ పనికొస్తుందా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. రాదు, అందులో అయోడిన్ ఒక పాలిమర్‌తో (పొడవాటి గొలుసు లాంటి అణువుతో) ముడిపడి ఉంటుంది, ఆవిరయ్యేంత విడిగా ఉండదు.

పాత కాగితాలకైతే నిన్‌హైడ్రిన్ అనే రసాయనం. 1910లో రూహెమాన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేసినప్పుడే అది అమైనో ఆమ్లాలతో ఊదా రంగు ఇస్తుందని తెలుసు. ముట్టుకుంటే చర్మమూ ఊదా అవుతుందని ల్యాబ్‌లో వాళ్లందరికీ తెలుసు. అయినా దాన్ని వేలిముద్రలకి వాడొచ్చని స్వీడన్ వాళ్లు చెప్పేసరికి 1954 వచ్చింది. నలభై నాలుగేళ్లు అందరి వేళ్లూ ఊదా అవుతూనే ఉన్నాయి, ఎవరికీ తట్టలేదు! అమైనో ఆమ్లాలు కాగితం పీచుని పట్టుకుని కదలకుండా ఉండిపోతాయి కాబట్టి ఏళ్లనాటి ముద్రలు కూడా దీంతో వస్తాయి. కాగితం తడిస్తే మాత్రం అమైనో ఆమ్లాలు, ఉప్పు కొట్టుకుపోతాయి, అప్పుడు మిగిలిన జిడ్డుని పట్టే వేరే పద్ధతులకి వెళ్లాలి. నిన్‌హైడ్రిన్ హానికరం, దాన్ని కలిపే ద్రావకాలు మంటపట్టేవి, కాబట్టి ఇదీ ఇంటి పని కాదు.

---

తాళంచెవి:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నా బీరువా సొరుగు నేను లేనప్పుడు ఎవరో తీస్తున్నారని అనుమానం. ఈ పొడితో ఎవరో పట్టుకోవచ్చా?

---

పాతకళ్లద్దాలు:

ముద్ర పైకి తేవడం సులువు, ఎవరిదో తేల్చడం సులువు కాదండి. ఇంట్లో ఉండేవాళ్లందరి ముద్రలూ ఆ సొరుగు మీద ఎలాగూ ఉంటాయి, వాటి మీద తేదీ రాసి ఉండదు. నిన్నటిదా, పోయిన నెలదా అని మేం కూడా ఖచ్చితంగా చెప్పలేం. రెండు ముద్రలు చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకరివే అయిపోవు. మొత్తం ఆకారం లక్షల మందికి ఒకేలా ఉండొచ్చు, గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, అవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి చూడాలి. అలవాటు లేని కంటికి అనుమానం ఉన్నవాళ్ల ముద్రే అన్నిచోట్లా కనిపిస్తుంది. నిజంగా ఏదైనా పోయి ఉంటే ఏమీ ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి, మీరు పొడి పూశాక వాళ్లకి మిగిలేది ఏమీ ఉండదు. ఉత్త అనుమానమే అయితే తాళం మార్చండి.

---

నీలిసిరా:

అందరికీ థాంక్స్! నిన్నా ఇవాళా రెండుసార్లు చేశాం.

పొడి ముందు. మేకప్ బ్రష్, చాలా తక్కువ పొడి. పాప ముక్కు పక్కన రుద్దుకున్న వేలి ముద్ర మొదటిసారికే వచ్చేసింది, ముక్కు తాకని వేలిది అక్కడక్కడా నల్ల చుక్కలు. ఆ రెండింటి పక్కపక్క ఫోటో ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. ఇంట్లో ఎవరు ఏది ముట్టుకున్నా "ముక్కు రుద్దుకుని ముట్టుకో" అంటోంది. అవునండీ, మీరన్నట్టే మొన్న సబ్బుతో రెండుసార్లు కడిగించా.

ముద్రని సెల్లోటేప్‌తో లేపి తెల్ల కాగితానికి అంటించాం. టేప్‌ని ఒక చివరి నుంచి వేలితో నెమ్మదిగా రుద్దుకుంటూ వెళ్తే గాలి బుడగలు రాలేదు. ఒక సందేహం, ఇది అద్దంలోలా తిరగబడి ఉందా, సరిగ్గానే ఉందా?

గ్లూ. ఐదు చుక్కలు, వేడినీళ్ల గిన్నె, గాజుకి దగ్గరగా పరీక్ష ముక్క. ముప్ఫై నిమిషాలకి ఏమీ లేదు, నలభైకి కూడా ఏమీ లేదు, ఇక ఇది పోయిందిలే అనుకుని టీ పెట్టుకుని వచ్చేసరికి గాజు అవతల సన్నటి తెల్ల గీతలు, ఎవరో సుద్దతో గీస్తున్నట్టు, మధ్య నుంచి బయటికి. యాభై ఐదు నిమిషాలకి బయటికి తీసుకెళ్లి మూత తీశా. నా ముద్ర, పాప ముద్ర రెండూ ఉన్నాయి, వేలితో తాకినా చెరగట్లేదు.

ఇంకోటి, ఆ సీసా లోపలంతా తెల్ల పొర పట్టింది. అసిటోన్‌తో కడిగితే మళ్లీ వంటింట్లో వాడుకోవచ్చా?

---

పాతకళ్లద్దాలు:

గాజు మీద పొర అసిటోన్‌కి పోతుంది, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చేయండి. ప్లాస్టిక్ మీద మాత్రం వాడకండి, చాలా ప్లాస్టిక్‌లు కరుగుతాయి. తినేవి మాత్రం అందులో పెట్టకండి, దాన్ని ఇక ప్రయోగాల సీసాగానే ఉంచేయండి.

టేప్ ముద్ర తిరగబడలేదు. జిగురు వైపు కిందికే ఉంచి అంటించారు కదా, గ్లాసు మీద పైనుంచి చూస్తే ఎలా ఉందో అలాగే ఉంటుంది. వేలితో పోలిస్తే మాత్రం తిరగబడినట్టే. వేలి కుడివైపు గీత ముద్రలో ఎడమవైపు వస్తుంది. సిరాలో ముంచి కాగితం మీద వేసిన ముద్ర కూడా అంతే, కాబట్టి పోల్చాలంటే ముద్రని ముద్రతోనే పోల్చండి, వేలితో కాదు.

గ్లూతో కట్టిన ముద్ర మీద అదే పెన్సిల్ పొడి తేలిగ్గా పూయండి. ఇప్పుడది గట్టి ప్లాస్టిక్, ఎన్నిసార్లు టేప్‌తో లేపినా మళ్లీ పొడి వేసుకోవచ్చు. కానీ నల్ల మూత మీద నల్ల పొడి కనిపించదు, టేప్‌ని తెల్ల కాగితం మీదికి మార్చాకే చూడాలి.

---

నీలిసిరా:

పూశాం, ఏడుసార్లు లేపాం, ఏడూ వచ్చాయి. పాప వాటిని వరసగా పెట్టి భూతద్దంతో చూస్తూ, అన్నిటిలోనూ ఒకేచోట అడ్డంగా సన్నటి తెల్ల గీత ఉందేంటి, టేప్ పాడైందా అని అడిగింది. నేనూ మొదట టేప్ తప్పే అనుకున్నా. తర్వాత తనే చూపుడువేలు భూతద్దం కింద పెట్టి చూసుకుంది. రెండేళ్ల కింద బ్లేడుతో పెన్సిల్ చెక్కుతూ లోతుగా కోసుకుంది, అది.